మీటరు మీద చెయ్యి

నెలకోసారి నా ఫోనుకి ఒక కరెంటు బిల్లు వస్తుంది. ఆ ఇంట్లో నేను ఉండను. ఇల్లు ఏలూరులో ఉంది, నేను తాడేపల్లిగూడెంలో ఉన్నాను. ఆ బిల్లు నేను కట్టను కూడా. మెసేజి వచ్చిన సాయంత్రానికల్లా కట్టేసినట్టు ఇంకో మెసేజి వస్తుంది. అంటే ఉండని ఇంటికి, వాడని కరెంటుకి, కట్టని బిల్లుకి హక్కుదారుణ్ణి నేను. ఇంత సుఖమైన ఆస్తి మా వంశంలో ఇంతవరకూ ఎవరికీ దక్కలేదు.

మొన్న వచ్చిన మెసేజి చూసి మాత్రం టీ గ్లాసు పక్కన పెట్టేశాను. యూనిట్లు మరీ తక్కువగా ఉన్నాయి. ఎండలు మండిపోతున్న నెల, పైగా ఏసీ ఉన్న వాటా. మనుషులున్న ఇంట్లో అంత తక్కువ కాలదు. మనుషుల్లేని ఇంట్లో అసలు కాలదు. ఆ రెండిటికీ మధ్య ఎక్కడో ఉన్న ఆ అంకె నన్ను కంగారు పెట్టింది. కరెంటు బిల్లు తక్కువ వచ్చిందని కంగారు పడిన మొదటి మనిషిని నేనే అయివుంటాను. ఆ అలవాటు నాకు ఓనరుగారి వల్ల వచ్చింది.

ఓనరుగారికి పేరు లేకపోలేదు. బియ్యం కార్డు మీద ఉంది, చర్చి రిజిస్టరులో ఉంది. వీధిలో మాత్రం ఎవరూ వాడగా నేను వినలేదు. పాలబ్బాయి నుంచి పాస్టరుగారి దాకా అందరికీ ఆవిడ ఓనరుగారే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ రైలు అందుకోవాల్సిన మనిషిలా ఉండేవారు. మేడ ఇల్లు ఉండటం తప్ప ఓనరు లక్షణం ఒక్కటి కూడా ఆవిడలో లేదు.

నేను ఉద్యోగంలో కొత్తగా చేరి గది వెతుక్కుంటూ ఆ గేటు ముందు నిలబడ్డప్పుడు, ఆవిడ ప్రహరీ గోడ మీద చేట పెట్టుకుని ఎండు రొయ్యలకి తలలూ తోకలూ తుంచుతున్నారు. బజారులో ఒక కొట్టువాళ్ళకి అలా బాగుచేసి ఇవ్వడం ఆవిడ పని. ఊళ్ళో ఆ పని చేసే ఆడవాళ్ళందరూ కూర్చుని చేస్తారు. ఈవిడ నిలబడి చేసేవారు.

"ఏవండీ, ఏసీ ఉందాండీ?" అన్నారు నన్ను చూసి.

మా వైపు అద్దెకి వెళితే ముందు ఊరు అడుగుతారు, తరువాత ఇంటిపేరు అడుగుతారు, ఆ దారిలో కులం దాకా వెళ్తారు. ఏసీతో మొదలుపెట్టిన వాళ్ళని నేను చూడలేదు.

"లేదండీ," అన్నాను.

"హీటరు?"

"లేదండీ."

"కరెంటు పొయ్యి?"

"లేదండీ."

"పెళ్ళి?"

"అదీ లేదండీ."

"అయితే రండి," అన్నారు.

మేడ మెట్ల కింద గది అది. నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. నచ్చిందని చెప్పాక అప్పుడు అడిగారు, ఏం చేస్తుంటానని. వార్డు సచివాలయంలో ఉద్యోగమని, పథకాలకి దరఖాస్తులు తీసుకునే సీటని చెప్పాను. చేతిలో రొయ్య చేతిలోనే ఆగింది. ఆ క్షణం నుంచి నాకు పేరు పోయింది. ఓనరుగారు నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు.

"ప్రభుత్వం మా మెట్ల కిందే ఉంటుందండీ," అని వీధిలో చెప్పుకునేవారు. నన్ను పిలవాల్సి వస్తే, "ఏవండీ ప్రభుత్వంగారూ, మీ బకెట్టు కాస్త తీస్తారా?" అనేవారు.

ఏసీ సంగతి ఎందుకడిగారో తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. రూలు చిన్నదే. బడికో కాలేజీకో వెళ్ళే పిల్లలున్న తల్లి ఖాతాలో ప్రభుత్వం ఏడాదికోసారి డబ్బు వేస్తుంది. అయితే ఆ ఇంటి కరెంటు వాడకం నెలకి సగటున మూడు వందల యూనిట్లు దాటితే వేయదు. అంత కరెంటు కాల్చేవాళ్ళు పేదవాళ్ళు ఎలా అవుతారని. ఓనరుగారికి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి ప్రైవేటు కాలేజీలో ఇంటరు, చిన్నది బడిలో. ఇంటికి ఉన్నది ఒకటే మీటరు, ఆవిడ పేరు మీద, ఆవిడ ఆధార్‌కి ముడిపడి. కింద వాటాలో ఆవిడ, మేడ మీద అద్దెకున్న కుటుంబం, మెట్ల కింద నేను. మా అందరి గాలీ ఆవిడ ఖాతాలోకే వీచేది.

పైవాళ్ళు బిల్లు ఎగ్గొట్టే రకం కాదు. వాళ్ళ వాటాకి విడిగా చిన్న మీటరు బిగించి ఉండేది, దాని ప్రకారం కచ్చితంగా కట్టేసేవారు. ఆవిడ బాధ అది కాదు.

"గాలి వాళ్ళదండీ, బిల్లు వాళ్ళదండీ, యూనిట్లు మాత్రం నావండీ," అనేవారు.

మేడ ఉంది కదా, అద్దె వస్తుంది కదా, ఇంకా పథకం దేనికి అని వీధిలో వాళ్ళు అనుకునేవారు. కొందరు వినబడేలా అనుకునేవారు. అద్దె రావడం నిజమే. ఆవిడ భర్త ఒకప్పుడు మండవల్లి దగ్గర చెరువు లీజుకి తీసుకుని చేపలు పెంచారు. కలిసొచ్చిన రోజుల్లో అప్పు తెచ్చి మేడ లేపారు. శ్లాబు పడ్డ ఏడాదే చెరువులో ఆక్సిజన్ పడిపోయి, తెల్లారేసరికి చేపలన్నీ తెల్లగా తేలాయి. ఇప్పుడాయన అదే గట్టు మీద పాకలో, వేరేవాళ్ళ చెరువుకి కాపలా. ఆయన చేపలు లేకపోయినా ఆయనకి నిద్ర పట్టకపోవడం మాత్రం మారలేదు. అప్పు మాత్రం చెరువు దగ్గర ఉండకుండా ఏలూరు వచ్చి మేడ మీద కాపురం పెట్టింది. నెల మొదట్లో పైవాళ్ళు అద్దె ఇచ్చేవారు. వారం తిరక్కుండా బ్యాంకువాళ్ళు అదంతా పట్టుకుపోయేవారు, చాలక రొయ్యల కూలిలోంచి కూడా కొంత తీసుకెళ్ళేవారు. ఆ మధ్యలో ఉన్న కాసిని రోజులూ ఆవిడ నిజంగా ఓనరు. మోటారు కాలిపోయినా, శ్లాబు కారినా, కుళాయి పోయినా మిగతా రోజుల్లోనే పోయేవి. ఇళ్ళకి ఆ మాత్రం తెలివి ఉంటుంది.

మీటరు పెట్టె సరిగ్గా నా గది తలుపు పక్కన ఉండేది. అందులో చిన్న ఎర్రదీపం, కరెంటు కాలుతున్న కొద్దీ కొట్టుకునేది. ఓనరుగారు అటు వెళ్తూ ఇటు వస్తూ ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగేవారు, పసిపిల్ల నుదురు చూసినట్టు. ఆవిడ రోజులో ఆగేది ఆ ఒక్కచోటే.

"జ్వరం ఉందాండీ?" అని అడిగేవాణ్ణి లోపల్నుంచి.

"ఒళ్ళు కాలిపోతోందండీ," అని పైకి చూసేవారు.

ఇంటికి ఏ మూల ఏది మోగినా ఆవిడ చెవిలో పడేది. మోటారు మోత, మిక్సీ మోత, పై ఏసీ మొదలవుతూ చేసే చిన్న గురక, వేటికవే ఆవిడకి తెలుసు. నా గదిలోకి ఏదో చెప్పే నెపం మీద వచ్చి, చెబుతూ చెబుతూనే ఫ్యాను అయిదు మీద నుంచి రెండు మీదకి తిప్పేవారు. ఆవిడ వెళ్ళగానే నేను మళ్ళీ అయిదుకి తిప్పేవాణ్ణి. మా ఇద్దరి మధ్య ఆ రెగ్యులేటరు మీద అంకెలు అరిగిపోయాయి.

"ఈ పాత రెగ్యులేటరు తగ్గించినా పెద్ద ఆదా ఉండదండీ," అని ఒకసారి చెప్పాను.

"ఆదాకి కాదండీ, మనశ్శాంతికి," అన్నారు.

ఆదివారం పిల్లల్ని తీసుకుని చర్చికి వెళ్ళేముందు మెయిన్ ఆపేసేవారు, నేను లోపల ఉన్నా సరే. మీటరుకి కూడా విశ్రాంతిదినం ఉండాలట. ఆవిడకి ఉండాలన్న సంగతి బైబిల్లో ఎక్కడా కనబడినట్టు లేదు. తిరిగొచ్చి చీర మార్చుకోకుండానే చేట తీసుకుని గోడ దగ్గర నిలబడేవారు.

పైవాటా ఆయన ఐసు పెట్టెల్లో చేపలు లారీలకి ఎక్కించే చోట సూపర్‌వైజరు. రాత్రంతా పని, పగలంతా నిద్ర. రాత్రి భార్య, ఆవిడ అత్తగారింటి నుంచి వచ్చిపోయే చుట్టాలు. కాబట్టి ఆ ఏసీకి రెండు షిఫ్టులు. ఆయన మాత్రం ఎంత మర్యాదస్తుడంటే, దెబ్బలాడాలని వెళ్ళినవాళ్ళు కాఫీ తాగి దిగి వచ్చేవారు. మా వైపు గొడవలు మీరు చూడాలి. దూరం నుంచి చూస్తే ఎవరో పెళ్ళికి పిలుస్తున్నారనుకుంటారు.

"ఏవండీ పైవారూ, ఏసీ వేసినట్టున్నారండీ?" అని కింద నుంచి ఆవిడ.

"వేశామండీ."

"కాస్త చూసి వేసుకుంటే బాగుంటుందేమోనండీ."

"అలాగేనండి."

ఏసీ ఆగదు.

ఈ 'అలాగేనండి' గురించి రెండు మాటలు చెప్పాలి. మా గోదావరి వైపు అలాగేనండి అంటే ఒప్పుకున్నట్టు కాదు. వినబడిందని అర్థం. మీ మాటకి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చేశాం, ఇక మీరు దయచేయవచ్చని అర్థం. ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు, తను అనేటప్పుడు. ఎదుటివాడు అన్నప్పుడు మాత్రం ప్రతివాడూ నమ్మేస్తాడు. ఓనరుగారూ నమ్మారు.

పై వాటాకి వేరే మీటరు, పైవారి పేరు మీదే పెట్టిస్తే ఆ యూనిట్లు ఆవిడ లెక్కలోంచి పోతాయని నేనే చెప్పాను. ఆవిడ పైకి వెళ్ళి అడిగారు. అలాగేనండి అన్నారాయన. ఓనరుగారు కొట్టువాళ్ళకి చెప్పి పని మానుకుని, చర్చి చీర కట్టుకుని, కరెంటాఫీసు ముందు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అటూ ఇటూ తిరిగారు. ఆయన రాలేదు. ఇంటికొచ్చి చూస్తే పైన గురక, ఏసీదీ ఆయనదీ.

"మర్చిపోయానండీ," అన్నారు మొదటిసారి. రెండోసారి లోడు వచ్చిందన్నారు. మూడోసారి ఆయనే మెట్లు దిగి వచ్చి, మీటరు పెట్టె దగ్గర నిలబడి నిజం చెప్పారు.

"మా అమ్మగారి పింఛను మండవల్లిలో నా కార్డు మీదే వస్తోందండీ. మీటరు నా పేరున పడితే అది పోద్దండీ. ఆవిడకి ఆ మాత్రమే ఆధారమండీ. ఏమీ అనుకోకండి."

ఓనరుగారు పోట్లాటకి సిద్ధమై ఉన్నారు. తీరా ఆయన చెప్పింది అక్షరాలా ఆవిడ మాటే. ఒకే ఇంట్లో కిందవాళ్ళకి ఎక్కువై, పైవాళ్ళకి పనికిరాక, ఆ మీటరు అనాథ అయిపోయింది.

ఆ ఏడు జాబితా వచ్చింది, ఆవిడ పేరు అనర్హుల్లో ఉంది. ఆఫీసుకి వచ్చారు. నా సీటు ముందు నిలబడి నమస్కారం పెట్టారు. పొద్దున్నే నా బనీను దండెం మీంచి తీసి ముఖాన విసిరినంత పనిచేసిన మనిషి, ఆఫీసులో నన్ను సార్ అన్నారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. అభ్యంతరం నమోదు చేద్దామన్నాను. తెర మీద ఉన్న ప్రశ్నలు వరసగా అడగాలి.

"సొంతిల్లా, అద్దిల్లాండీ?"

ఆవిడ కాసేపు ఆలోచించారు. "అద్దిల్లేనండి సార్."

"ఓనరుగారూ, నేను ఉంటున్నది మీ ఇంట్లోనే కదండీ."

"మీరు నా దగ్గర అద్దెకుంటున్నారు సార్. నేను బ్యాంకువారి దగ్గర అద్దెకుంటున్నాను. మీరే నయం, నచ్చకపోతే ఖాళీ చేసి పోగలరు."

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"అద్దె మీద నాకు నష్టమే వస్తోందని ఎక్కడో ఒకచోట రాయండి సార్," అన్నారు.

నేను నిజంగానే వెతికాను. భూమికి గడి ఉంది, కారుకి గడి ఉంది, ఆదాయానికి గడి ఉంది, కరెంటుకి ఉంది. నష్టానికి లేదు. ఇల్లుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఉన్న ఇల్లే మనిషిని తింటుంటే ఏమనాలో ఆ తెరకి ఎవరూ నేర్పలేదు.

"పట్టదండీ," అన్నాను.

"చిన్న అక్షరాలతో రాసినా పట్టదా?"

నేను జోకులు వేసేవాణ్ణని ఊళ్ళో పేరు. ఆ మాటకి మాత్రం చూద్దామండి అన్నాను. చూద్దామండి అనేది ఆఫీసు భాషలో అలాగేనండి.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ మామూలే. "ఏవండీ ప్రభుత్వంగారూ, మీ అంట్లు పంపుకి అడ్డంగా ఉన్నాయండీ," అన్నారు.

తరువాత ఆవిడ చేసిన పని తలచుకుంటే నాకిప్పటికీ నవ్వూ చిరాకూ ఒకేసారి వస్తాయి. పైవాళ్ళ యూనిట్లు తగ్గించలేక, తన యూనిట్లు తగ్గించడం మొదలుపెట్టారు. ముందు ఫ్రిజ్ ఆపేసి అందులో ఎండు రొయ్యలు సర్దారు. మిక్సీ అటకెక్కింది, రోలు దిగింది. చివరికి ఫ్యాన్లు కూడా ఆపేసి, పొద్దుగూకితే పిల్లలతో వాకిట్లోకి వచ్చేశారు. ఓనరు వాకిట్లో విసనకర్రతో, అద్దెకున్నవాళ్ళు ఏసీలో. వీధి దీపం కింద చదివి గొప్పవాళ్ళయిన వాళ్ళ కథలు మనం చాలా విన్నాం. మా ఓనరుగారి పెద్దమ్మాయి మాత్రం ఫోనులో టార్చి వేసుకుని చదివేది. చార్జింగు అయిపోతే, "అన్నయ్యగారూ, కాస్త పెట్టరా," అని నా గదిలోకి ఫోను అందించేది. నా గదీ ఆ మీటరు మీదే ఉందని ఆ పిల్లకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం ఓనరుగారు నా తలుపు కొట్టారు. ఆఖరిసారిగా పైవాళ్ళతో తేల్చుకోవాలట, ఏసీ అయినా తీసేయాలి, ఇల్లయినా ఖాళీ చేయాలి.

"మీరూ రండి. ప్రభుత్వం పక్కనుంటే బాగుంటుంది," అన్నారు.

ఒక్కో మెట్టు ఎక్కుతూ అనాల్సిన మాటలు వల్లె వేసుకున్నారు. "మొహమాటపడనండీ. మొహమాటపడితే పిల్ల కాలేజీ పోద్ది. చెప్పేస్తానండీ." మాట మాటకీ గొంతు గట్టిపడుతోంది. పై మెట్టు దగ్గరికి వచ్చేసరికి నాకే భయం వేసింది.

పైవారి భార్య తలుపు తీశారు. అంతకు కొన్నాళ్ళ క్రితమే పురిటి నుంచి వచ్చారు. లోపల్నుంచి చల్లగాలి మా ముఖాల మీదకి వచ్చింది. మంచం మీద పసిబిడ్డ, మెడ కింద ఎర్రగా చెమటకాయలు, వాటి మీద పౌడరు, గుప్పిళ్ళు రెండూ పైకెత్తి నిద్ర.

"చెప్పండి ఆంటీ," అన్నారావిడ గుసగుసగా.

ఓనరుగారు బిడ్డని చూశారు. ఏసీని చూశారు. మళ్ళీ బిడ్డని చూశారు.

"తలుపు వేసుకోండమ్మా," అన్నారు. "చల్లగాలి పోతోంది."

గిరుక్కున తిరిగి దిగిపోయారు. వెనకే నేను.

"అదేంటండీ, చెప్పేస్తానన్నారు?"

"బాలింతకి చెప్పే మాటాండీ అది?" అని నా మీద విరుచుకుపడ్డారు. రెండు మెట్లు దిగాక, "అయినా తలుపు తీసి ఉంచితే ఇంకా ఎక్కువ కాలుద్ది," అన్నారు. ఈ రెండిట్లో ఏ కారణం ఆవిడ చేత ఆ మాట అనిపించిందో నేను తేల్చుకోలేకపోయాను. కింద మీటరు దగ్గర ఆగి, చెయ్యి ఆనించకుండా దాటి వెళ్ళిపోవడం ఆ ఒక్కరోజే చూశాను.

పరీక్షలు వచ్చేసరికి, ఫీజు బాకీ ఉందని కాలేజీవాళ్ళు పెద్దమ్మాయికి హాల్‌టికెట్టు ఆపేశారు. పథకం డబ్బు వస్తే కడతానని ఓనరుగారు అంతకుముందు మాటిచ్చారు మరి. మరునాడు పొద్దున్న ఆవిడ పెద్ద సంచీ, చేట పట్టుకుని బయల్దేరుతుంటే ఎక్కడికండీ అన్నాను. "కాలేజీకండీ, కూర్చుంటాను," అన్నారు. ఆవిడ నోట కూర్చోవడం అన్న మాట వినడం అదే మొదలు.

నిజంగానే కూర్చున్నారు. ప్రిన్సిపాలుగారి గది ముందు, ఏసీ హాలులో, కొత్తగా పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రుల సోఫాల మధ్య నేల మీద చేట పెట్టుకుని, సంచీ విప్పి ఎండు రొయ్యలు బాగుచేసుకోవడం మొదలుపెట్టారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఎవరైనా అడిగితే, "పని ఆగిపోద్దని తెచ్చుకున్నానండీ. మీరు కానివ్వండి. నేను ఆగుతాను," అన్నారట. తలుపులు మూసిన ఏసీ హాలులో ఎండు రొయ్యల వాసన సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. సోఫాల్లో వాళ్ళు ఒక్కొక్కరే లేచారు. భోజనాల వేళకి ముందే హాల్‌టికెట్టు వచ్చింది, బాకీ నెమ్మదిగా కట్టమన్నారు. ఏసీ వల్ల ఆ కుటుంబానికి జరిగిన మేలు జీవితంలో అదొక్కటే.

ఆ సాయంత్రం మా అమ్మ చింతలపూడి నుంచి ఫోను చేసింది. నాకు ఉద్యోగం వచ్చాక ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉన్నాడని మావాళ్ళ బియ్యం కార్డు తీసేశారు. వారానికోసారి అమ్మ ఆ విషయం నాకు గుర్తుచేస్తుంది. "నీ ఉద్యోగం వల్ల మాకు ఒరిగింది అదేరా," అంటుంది. గది చిన్నది, ఫోను గొంతు పెద్దది. పెట్టేసి తలెత్తితే గుమ్మంలో ఓనరుగారు, ఒక చెయ్యి మీటరు మీద.

"ఏవండీ ప్రభుత్వంగారూ, మీకేమీ రాదాండీ?"

"ఏంటండీ రావడం?"

"ఏ పథకమూ రాదా? పింఛనూ, బియ్యమూ, ఏదీ?"

"ఏదీ రాదండీ."

"ఇకముందు కూడా?"

"ఉద్యోగం పోతే తప్ప రాదండీ."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. నా దరిద్రం విని ఇంకెవరూ అంత సంతోషపడలేదు.

"అయితే మీటరు మీరు తీసుకోండి," అన్నారు. "పై వాటా, ఈ గది కలిపి ఒక మీటరు, మీ పేరు మీద. మీ నుంచి పోవడానికి ఏమీ లేదు కదండీ."

ఇంత తెలివైన ఆలోచన నా ఆఫీసులో ఎవరికీ రాలేదు, నాతో సహా. ఇంట్లో పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే. అనర్హతే నా అర్హత. అయినా పేరు, ఆధార్, సంతకం అనేసరికి మనసు వెనక్కి లాగింది. నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చింది.

"అలాగేనండి," అన్నాను.

మర్నాడు పొద్దున్న లేచి చూస్తే బండి తాళం లేదు. గేటు దగ్గర చర్చి చీరలో ఓనరుగారు, గుప్పిట్లో నా తాళం.

"అలాగేనండి అన్నారు కదండీ," అన్నారు. "నేనూ ఇక్కడ పుట్టినదాన్నే. పదండి."

కరెంటాఫీసులో గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, అద్దెకుండేవాడివి, దీనివల్ల నీకేంటి లాభమని అడిగారు. లాభం లేదండీ, నష్టమూ లేదండీ అన్నాను. అలాంటి మనిషిని ఆయన చూడలేదనుకుంటా, తొందరగా సంతకం చేసేశారు.

కొత్త మీటరు పాతదాని పక్కనే బిగించారు. పాతదాని ఎర్రదీపం ఆ రోజు నుంచి నెమ్మదిగా, వయసు మళ్ళిన మనిషిలా కొట్టుకునేది. సగటు దిగడానికి ఏడాది పట్టింది. ఆ తరువాత జాబితా వచ్చిన రోజు ఓనరుగారు ఆఫీసుకి వచ్చారు, గోడకి అంటించిన కాగితాల ముందు నిలబడ్డారు, అర్హుల్లో తన పేరు వెతుక్కుని, దాని మీద అరచెయ్యి ఆనించారు.

"జ్వరం తగ్గిందాండీ?" అన్నాను సీట్లోంచి.

"చిన్నదానికి తగ్గిందండీ. పెద్దదానికి ఇంటరు అయిపోయింది కదండీ," అన్నారు. చెయ్యి మాత్రం తీయలేదు. వెనకవాళ్ళు వాళ్ళ పేర్లు చూసుకోవాలని గొడవ పెట్టేదాకా అలాగే ఉన్నారు.

కొన్నాళ్ళకి నాకు తాడేపల్లిగూడెం బదిలీ అయింది. మీటరు పేరు మార్పించుకోవాలండీ అన్నాను వచ్చేటప్పుడు. "అలాగేనండి," అన్నారు ఓనరుగారు, నా పెట్టె ఆటోలోకి అందిస్తూ. ఈసారి నేను ఎవరి తాళమూ తీసుకోలేదు.

అదీ కథ. మొన్న ఆ మెసేజి చూశాక ఫోను చేశాను. చాలాసేపు మోగింది. ఆవిడ ఫోను ఎప్పుడూ మొదటి మోతకే ఎత్తుతారు. మోగినకొద్దీ నా బుర్రలో పాడు ఆలోచనలు. చివరికి ఎత్తారు, గొంతు బొంగురుగా ఉంది.

"ఒంట్లో బాగాలేదాండీ?" అన్నాను.

"బానే ఉందండీ. నిద్రలో ఉన్నాను."

మిట్టమధ్యాహ్నం. ఓనరుగారు. నిద్ర. ఫోను చెవి నుంచి తీసి నంబరు సరైనదో కాదో చూసుకున్నాను.

"పైవాళ్ళు ఖాళీ చేశారండీ, మండవల్లి వెళ్ళిపోయారు," అన్నారు. "బోర్డు పెట్టాను. వచ్చినవాళ్ళందరికీ ఏసీ ఉందండీ, నా మీటరు కాదని తెలిసినా అలవాటు కొద్దీ వద్దనేస్తున్నాను. ఈ నెల బ్యాంకుకి ఎలా కట్టాలో తెలీట్లేదు."

"మరి పైన ఎవరూ లేకపోతే, ఆ కాస్త యూనిట్లు ఎవరు కాల్చారండీ?"

అవతల సన్నగా ఒక ఫ్యాను చప్పుడు.

"నేనేనండి," అన్నారు చివరికి. "మధ్యాహ్నం పూట పైకొచ్చి కాసేపు నడుం వాలుస్తున్నాను. కింద వేస్తే నా లెక్కలో పడుద్ది కదండీ. ఇది మీది కదా. బిల్లు నేనే కడుతున్నాను. ఓనరుగారు ఏమీ అనుకోరని…"

ఆ ఓనరుగారు ఎవరో అర్థం కావడానికి నాకు ఒక నిమిషం పట్టింది.

"ఫ్యాను ఎంత మీద పెట్టుకున్నారండీ?" అన్నాను.

"రెండు మీదేనండి."

"అయిదు మీద పెట్టుకోండి."

"అలాగేనండి," అన్నారు.

అంటే ఏమిటో వచ్చే నెల మెసేజిలో తెలుస్తుంది.